రోగాన్ని కొంగల మీద మోపితే సరిపోతుందా?

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల రైతు నెత్తిన పిడుగు పడింది. సాయంత్రం మేత తిన్న కోడి తెల్లవారేసరికి ఇనుప బోనులో తల వాల్చేసింది. ఒకటి, పది, వంద... చూస్తుండగానే షెడ్లకు షెడ్లు ఖాళీ అయిపోయాయి. పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు నుంచి, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు నుంచి తీసిన నమూనాలను భోపాల్ ప్రయోగశాలకు పంపారు. బర్డ్ ఫ్లూ అని, హెచ్5ఎన్1 వైరస్ అని అక్కడి నుంచి కబురు వచ్చేటప్పటికే లక్షలాది కోళ్లు చచ్చిపోయాయి. చచ్చిన కోళ్లను కొందరు గోతులు తీసి పూడ్చారు. మరికొన్ని చోట్ల కాలవ గట్ల మీద, చెరువుల పక్కన పారేసి పోయారు.

ఆ తర్వాత అంతా మామూలే. కిలోమీటరు పరిధిలో బతికున్న కోళ్లను కూడా చంపేశారు. పది కిలోమీటర్ల పరిధిలో నిఘా పెట్టారు. తెలంగాణ సరిహద్దుల్లో చెక్‌పోస్టులు లేచి, మన కోళ్ల లారీలు వెనక్కి తిరిగాయి. చికెన్ ధర పడిపోయింది. జనం భయం పోగొట్టాలని చికెన్ మేళాలు పెట్టి ఉచితంగా వండి వడ్డించారు. ఇంతకీ రోగం ఎక్కణ్ణించి వచ్చిందయ్యా అంటే, 'వలస పక్షుల నుంచి' అన్నారు. కొంగ మీద కేసు రాసి ఫైలు కట్టేశారు.

కొంగకు నోరు లేదు. కోర్టుకు రాలేదు. కొంగ తరఫున వకాల్తా పుచ్చుకోవడం మన పని కాదు. కానీ రోగం ఎట్లా పుడుతున్నదో, ఎట్లా పాకుతున్నదో, నష్టం ఎవరి నెత్తిన పడుతున్నదో రైతాంగం తెలుసుకోవాలి. తెలుసుకోకపోతే వచ్చే చలికాలమూ ఇదే కథ.

ఈ వైరస్ పుట్టిల్లు ఏది?

అడవి బాతుల పేగుల్లో ఫ్లూ వైరస్‌లు తరతరాలుగా ఉన్నాయి. ఉన్నా, ఆ బాతుకు పెద్దగా జబ్బు చేసేవి కావు. అట్లాంటి సాధు వైరస్ కిక్కిరిసిన కోళ్ల షెడ్లోకి వచ్చిందనుకోండి. ఒకే జాతి, ఒకే వయసు కోళ్లు, వేలకు వేలు, ఒకదాని ముక్కు దగ్గర మరొక దాని ముక్కు. ఒక కోడి చచ్చే లోపలే పక్కన పది కోళ్లు సిద్ధంగా ఉంటాయి. ఆరుబయట అయితే మోస్తున్న పక్షిని త్వరగా చంపే వైరస్ తానూ దానితోనే అంతరించిపోవాలి. షెడ్లో ఆ అడ్డు లేదు. అందుకే హెచ్5, హెచ్7 రకాలు కోళ్లలోకి వచ్చాకనే ప్రాణాంతకంగా మారుతున్నాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఇప్పుడు ప్రపంచాన్ని వణికిస్తున్న హెచ్5ఎన్1 వంశానికి మూలపురుషుడు 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, మనుషులు పెంచుతున్న పెద్దబాతుల్లో దొరికాడు. మరుసటి ఏడు హాంకాంగ్ కోళ్ల మార్కెట్లకు ఎక్కింది. 18 మందికి సోకి 6 గురి ప్రాణాలు తీసింది. ఊళ్లోని కోళ్లన్నిటినీ చంపేశారు. అప్పటికి అది పెంపుడు పక్షుల రోగమే. 2005లో చైనాలోని చింఘై సరస్సు దగ్గర వేలాది అడవి పక్షులు చచ్చిపడిన తర్వాతనే వలస పక్షుల పేరు మారుమోగింది. అంటే పక్షి మనకు ఇచ్చిందనే ముందు, మనం పక్షికి ఇచ్చామన్న సంగతి గుర్తుంచుకోవాలి.

2006 ఫిబ్రవరిలో మన దేశంలో ఇది మొదటిసారి బయటపడింది మహారాష్ట్రలోని నవాపూర్‌లో. అది ఏమిటి? పెద్ద పెద్ద కోళ్ల ఫారాల కేంద్రం. అదే నెలలో ఆఫ్రికా ఖండంలో మొదటిసారి నైజీరియాలో కనిపించింది. అక్కడా ఒక పెద్ద వ్యాపార ఫారంలోనే. 2007లో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో టర్కీ కోళ్లకు సోకితే అక్కడి ప్రభుత్వం విచారణ జరిపింది. హంగరీ నుంచి దిగుమతి అయిన టర్కీ మాంసంతో పాటు వైరస్ వచ్చి ఉండడానికే ఎక్కువ అవకాశమని తేల్చింది. ఆ వైరస్ రెక్కలు కట్టుకుని రాలేదు, మాంసం బండి ఎక్కి వచ్చింది.

అయితే నిజాన్ని సగమే చెప్పకూడదు. వలస పక్షి అసలు మోయదని మనం అనడం లేదు. ముఖ్యంగా 2021 నుంచి ఈ వైరస్ అడవి పక్షుల్లో బాగా పాతుకుపోయింది. ఖండాలు దాటుతున్నది. దక్షిణ అమెరికా తీరంలో గూడబాతులు గుంపులు గుంపులుగా చచ్చాయి. 2023లో అర్జెంటీనా తీరంలో సీలు జంతువుల పిల్లలు వేల సంఖ్యలో చచ్చాయి. మన హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ జలాశయం దగ్గర 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో వేలాది వలస బాతులు రాలిపోయాయి. పక్షి రోగాన్ని మోస్తున్నది, రోగానికి చస్తున్నది కూడా. దాన్ని ఒక్కదాన్నే ముద్దాయిని చేస్తే మిగతా ముద్దాయిలు తప్పించుకుంటారు.

లారీ చక్రాల మీద ప్రయాణం

మరి ఊరి నుంచి ఊరికి, షెడ్డు నుంచి షెడ్డుకు రోగాన్ని మోసేది ఎవరు? రోజూ వచ్చే దాణా లారీ. ఈ ఫారంలో దించి, కడగకుండా ఆ ఫారంలో ఎక్కించే గుడ్ల ట్రేలు. ముదురు కోళ్లను కొనడానికి ఒకే పూట అయిదు షెడ్లు తిరిగే వ్యాపారి బండి, అతని బోనులు. టీకాలు వేసే కూలీల చెప్పులు, చేతులు. చచ్చిన కోళ్లను చవగ్గా ఎత్తుకుపోయేవాడి ఆటో.

ఇంకొకటి ఉన్నది. మన డెల్టాలో కోళ్ల పెంట చేపల చెరువులకు పోతుంది. కోళ్ల వ్యర్థాలను దొంగచాటుగా చేపలకు మేతగా వేయడమూ ఉన్నది. ఆ చెరువు గట్ల మీదే కొంగలు, గూడబాతులు వాలతాయి. అక్కడే తింటాయి, అక్కడే తాగుతాయి. షెడ్లో రోగం ఉంటే అది చెరువుకు పోవడానికి ఎంతసేపు? చెరువు నుంచి పక్షికి, పక్షి నుంచి మళ్లీ మరో ఊరి కోడికి! కొల్లేరు పక్షి మనకు రోగం తెచ్చిందంటున్నారు గదా, కొల్లేటికి మనం ఏం పంపుతున్నామో అడిగేవారు లేరు.

సంక్రాంతికి మన జిల్లాల్లో జరిగే కోడి పందేల సంగతీ చెప్పుకోవాలి. నాలుగు వైపుల నుంచి పుంజులు ఒకే బరికి చేరుతాయి. రక్తాలు కలుస్తాయి. ఓడిన కోడి ఒక ఊరికి, గెలిచిన కోడి ఒక ఊరికి పోతాయి. కాలం చూస్తే సరిగ్గా జనవరి, చలి ముదిరి వలస పక్షులు నిండా ఉన్న కాలం. వైరస్‌కు ఇంతకంటె మంచి తిరునాళ్లు ఏం కావాలి?

రోగం అందరిదీ, నష్టం కొందరిదీ

'కోళ్ల రైతు' అని ఒక్క మాటలో అంటాం గాని అందులో ఎన్ని రకాల వారున్నారో చూడండి. లక్షల కోళ్ల ఫారాలున్న ఆసామి ఉన్నాడు. ఆయనకు బ్యాంకు అప్పు తిరగరాయించుకునే పలుకుబడి ఉంటుంది. బ్యాంకు అప్పు మీద ఇరవై వేల కోళ్లు పెట్టుకున్న మధ్యరకం రైతు ఉన్నాడు. ఒక్క దెబ్బకు ఆయన మునిగిపోతాడు.

కంపెనీకి బ్రాయిలర్లు పెంచిపెట్టే కాంట్రాక్టు రైతు మరొకడు. కోడిపిల్ల కంపెనీది, దాణా కంపెనీది. షెడ్డు, కరెంటు, నీళ్లు, రాత్రింబవళ్ల చాకిరీ మాత్రం రైతువి. కిలోకింత అని పెంపకం కూలి దక్కుతుంది. రోగం వస్తే కోడి ఎవరిదో వాడికే పరిహారం అంటారు. షెడ్డు ఖాళీగా ఉన్న నెలలకు ఎవరు ఇస్తారు? ఏ కాగితం మీదా ఆ మాట ఉండదు. షెడ్డు కట్టిన అప్పు మీద వడ్డీ మాత్రం ఆ నెలల్లోనూ ఆగదు.

బీహారు, ఒడిశా నుంచి భార్యాబిడ్డలతో వచ్చి షెడ్ల పక్కనే కాపురముండే కూలీలున్నారు. కోళ్లు పోతే వారికి ఆ పూట నుంచే పని లేదు. కోళ్ల దాణా మీద ఆధారపడి మొక్కజొన్న వేసిన రైతు ఉన్నాడు. ఏ షెడ్డూ లేకుండానే ఆయన పంట ధర పడుతుంది. చివరికి పెరట్లో ఆరు కోళ్లు పెంచుకునే ఆడమనిషి. పిల్లవాడి పుస్తకాలకు, పండక్కి చీరకు ఆ కోళ్లే ఆమె బ్యాంకు.

నష్టపరిహారం రూలు ఏమిటంటే, ప్రభుత్వం చంపిన కోడికే డబ్బు. రోగంతో చచ్చిన కోడికి లేదు. ఆ డబ్బు కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించాలి. 'తొందరగా చెబితే తొందరగా చంపి డబ్బు ఇస్తాం, అందుకే ఈ రూలు' అంటారు అధికారులు. వినడానికి బాగానే ఉంది. కానీ చెప్పిన తర్వాత నమూనా తీసి, భోపాల్ పంపి, జవాబు వచ్చే లోపల చచ్చే కోళ్ల మాటేమిటి? ఆలస్యం ప్రభుత్వానిది, నష్టం రైతుది! పైగా మూడు నెలల దాకా కొత్త కోళ్లు దించకూడదు. ఈ పరిస్థితిలో కోళ్లు తూలుతున్నాయని రైతు ఎందుకు చెబుతాడు? బతికున్నవాటిని రాత్రికి రాత్రి అమ్మేయాలని చూస్తాడు. ఆ లారీతో పాటే రోగం ఇంకో జిల్లాకు చేరుతుంది. 2009లో పార్లమెంటు చేసిన పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం రోగం దాచడం తప్పు. చట్టం ఒక్కటే ఉంటే చాలదు, నిజం చెప్పినవాడు మునగకుండా కూడా చూడాలి.

2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో మొదలై రోగం అనేక జిల్లాలకు పాకినప్పుడు 40 లక్షలకు పైగా పక్షులను చంపవలసి వచ్చింది. వాటిలో ఎక్కువ భాగం పేదల పెరటి కోళ్లు, బాతులే. ఇచ్చే డబ్బు మీద నమ్మకం లేక కోళ్లను దాచిపెట్టిన కుటుంబాలు అనేకం. పేదవాడు రోగాన్ని దాచడం అతని మూర్ఖత్వం కాదు. ప్రభుత్వం మీద అతనికున్న అనుభవం.

గొడ్ల కథా ఇంతే

కోళ్లను వదిలి కొట్టంలోకి చూద్దాం. ముద్దచర్మ వ్యాధి, మనవాళ్లు లంపీ అంటున్నారు, 1929లో ఆఫ్రికాలోని నేటి జాంబియాలో మొదట గుర్తించిన జబ్బు. ఒళ్లంతా గడ్డలు, జ్వరం, పాలు ఎండిపోవడం. జోరీగలు, దోమలు, పిడుదులు దీన్ని మోస్తాయి. 2019లో ఒడిశాలో మన దేశంలో మొదటిసారి కనిపించింది. చేతిలో మూడేళ్ల వ్యవధి ఉన్నది. ఏం చేశారు? 2022లో గుజరాత్, రాజస్థాన్‌లలో అది విరుచుకుపడేసరికి ఈ జబ్బు కోసమే చేసిన టీకా మార్కెట్లో లేదు. మేకల మశూచి టీకాతో సర్దుకున్నారు. హిస్సార్‌లోని పరిశోధనా కేంద్రం, ఇజ్జత్‌నగర్ సంస్థ కలిసి తయారుచేసిన స్వదేశీ టీకాను ఆ ఆగస్టులో ప్రకటించారు. శాస్త్రజ్ఞుల తప్పు లేదు. వారు కష్టపడ్డారు. కానీ ఆ ఒక్క ఏడే సర్కారు లెక్కల ప్రకారం లక్షన్నరకు పైగా పశువులు చనిపోయాయి. ఆవు పేరు మీద రాజకీయం చేసేవారికి కొదవ లేని దేశంలో ఆవుకు టీకా సమయానికి అందలేదు!

ముసర రోగాన్ని తరిమింది మనమే

'వైరస్ రోగాలకు మందు లేదు, మన చేతిలో ఏముంది' అని నిట్టూర్చేవారికి ఒక చరిత్ర చెప్పాలి. రిండర్‌పెస్టు, మన పెద్దల మాటలో ముసర రోగం. నోరు పుండ్లు పడి, పారుడు పట్టి, వారం పది రోజుల్లో దొడ్లకు దొడ్లు ఖాళీ. కాడెద్దులు పోయిన రైతు ఆ ఏడు దుక్కి దున్నలేడు. అప్పులవాడికి పొలం అప్పజెప్పవలసిందే. 1880లలో ఇటలీ సైన్యం కోసం ఓడల్లో దించిన పశువులతో ఈ రోగం తూర్పు ఆఫ్రికాలో అడుగుపెట్టిందని చరిత్రకారులు అంటారు. కొన్నేళ్లలో అది ఆ ఖండంలో అనేక చోట్ల నూటికి ఎనభై తొంభై పశువులను తుడిచిపెట్టింది. ఇథియోపియాలో ఘోర కరువు తెచ్చింది. ఆనాడూ రోగం ఎక్కింది ఓడలే!

మన దేశంలో 1889లో పూనాలో పెట్టిన ప్రయోగశాల 1893లో కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు మారింది. అక్కడ 1920లలో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు వైరస్‌ను మేకల్లో పెంచి బలహీనపరచి టీకా తయారుచేశాడు. స్వాతంత్ర్యం తర్వాత 1954లో దేశవ్యాప్తంగా నిర్మూలన కార్యక్రమం మొదలైంది. టీకాలు వేసేవారు ఐస్ పెట్టెలు మోసుకుని ఊరూరా తిరిగారు. రాష్ట్ర సరిహద్దుల్లో పశువులను ఆపి టీకా వేశారు. రైతు దగ్గర డబ్బు అడగలేదు. నాలుగు దశాబ్దాలు పట్టింది. 1995లో తమిళనాడులో కనిపించిందే చివరిది. 2011లో ఈ రోగం భూమి మీద లేదని ప్రపంచ సంస్థలు ప్రకటించాయి. మనిషి మశూచి తర్వాత లోకం నుంచి పూర్తిగా తరిమిన రెండో జబ్బు ఇదే.

ఈ పని ఏ ప్రైవేటు కంపెనీ చేయలేదు. ప్రభుత్వ ప్రయోగశాల, ప్రభుత్వ డాక్టరు, ఉచిత టీకా, ఊరి సహకారం చేశాయి. లాభం కోసం చేసేవాడు చివరి ఊరి చివరి దూడ దాకా పోడు. ఆ చివరి దూడ దగ్గరే రోగం దాక్కుంటుంది.

ఆ పాఠం ఇప్పుడు ఎంత గుర్తున్నది? గాలికుంటు నిర్మూలనకు 2019 సెప్టెంబరులో మధురలో ప్రధానమంత్రి 13,343 కోట్ల రూపాయల కార్యక్రమం ప్రారంభించారు. 2030 నాటికి రోగం ఉండదన్నారు. మంచిదే. కానీ గాలికుంటు టీకా ప్రభావం కొన్ని నెలలే. ఏడాదికి రెండుసార్లు, ఒక్క పశువును వదలకుండా వేయాలి. అట్లా వేయాలంటే ఊళ్లో మనుషులుండాలి. టీకా ఎండకు చెడకుండా చల్లటి పెట్టెలుండాలి. డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచి, ఉన్న ఒక్క సహాయకుడికి నాలుగు ఊళ్లు, పది రిజిస్టర్లు అప్పజెబితే కాగితం మీద నూటికి నూరు టీకాలు పడతాయి. గొడ్డు ఒంట్లో పడవు.

పెరటి కోడి సంగతి మరీ అన్యాయం. 'ఎండలు ముదిరితే కొక్కెర తగిలి గూడు ఖాళీ అయిపోద్ది బాబూ' అనని ముసలమ్మ మన ఊళ్లలో ఉండదు. కొక్కెర రోగాన్ని మన దేశంలో 1928లో రాణీఖేత్ దగ్గర గుర్తించారు. టీకా వచ్చి దశాబ్దాలైంది. ఒక కోడికయ్యే ఖర్చు స్వల్పం. కానీ టీకా సీసాలో వందల డోసులుంటాయి. కలిపాక రెండు మూడు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లున్న ఆమె వందల కోళ్ల సీసా ఏం చేసుకుంటుంది? ఊరి కోళ్లన్నిటికీ ఒకే పొద్దున, గూళ్లు తెరవక ముందే వేస్తే తీరే సమస్య ఇది. టీకా ఉంది, రోగమూ ఉంది. మధ్యలో ఉండవలసిన ప్రభుత్వమే కనిపించడం లేదు.

మనిషి దాకా వచ్చింది

ఇది గొడ్డూ గోదా గొడవే కదా అని పట్నంవారు అనుకోవద్దు. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవులకే హెచ్5ఎన్1 సోకిందని తేలింది. పాలు పితికే యంత్రాల ద్వారా, మంద నుంచి మందకు ఆవులను తరలించడం ద్వారా అనేక రాష్ట్రాలకు పాకింది. డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో చాకిరీ చేసే కార్మికులకు సోకింది. 2025 మార్చిలో మన ఆంధ్ర రాష్ట్రంలోనే ఒక పసిబిడ్డ ఈ వైరస్‌కు బలి అయింది. బాగా ఉడికిన మాంసం, గుడ్లతో భయం లేదు. పచ్చి మాంసం పిల్లల చేతికి ఇవ్వరాదు. చచ్చిన కోడిని ఉత్త చేతులతో ముట్టుకోరాదు. కోళ్లను చంపి పూడ్చే పనికి వచ్చిన కూలీకి ముక్కుగుడ్డ, చేతి తొడుగులు, కంటి అద్దాలు ఇవ్వకుండా దింపడం నేరం కింద లెక్క.

మనం అడగవలసినవి

రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు, కోళ్ల ఫారాల కూలీలు కలిసి ఈ కోర్కెల మీద కదలాలి.

1. రోగంతో చచ్చిన కోళ్లకు కూడా, రైతు కబురు చెప్పిన రోజు నుంచి లెక్కకట్టి పరిహారం ఇవ్వాలి. అది నెల లోపల చేతికందాలి.

2. కాంట్రాక్టు రైతుకు షెడ్డు ఖాళీగా ఉన్న కాలానికి కంపెనీ చేత, ప్రభుత్వం చేత భృతి ఇప్పించాలి. కాంట్రాక్టు కాగితం తెలుగులో ఉండాలి. కూలీలకు పని పోయిన రోజులకు వేతనం కట్టాలి.

3. భోపాల్ జవాబు కోసం ఎదురు చూడనక్కర లేకుండా కోళ్లు, పశువులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో తగిన భద్రత గల పరీక్షా కేంద్రాలు పెట్టాలి.

4. పశువైద్యుల ఖాళీలన్నీ నింపాలి. 1962కు ఫోను చేస్తే వచ్చే వ్యాను మంచిదే గాని, అది ఊరి ఆస్పత్రికి బదులు కాదు.

5. ఊరూరా పెరటి కోళ్లకు ఉచితంగా కొక్కెర టీకా వేయాలి. మహిళా సంఘాల్లోని ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి, కూలి ఇచ్చి ఈ పని చేయించాలి.

6. కోళ్ల వ్యర్థాలు చేపల చెరువులకు చేరకుండా అడ్డుకోవాలి. పెద్ద ఫారాలు లారీలు, ట్రేలు కడిగి, మందు కొట్టిన తర్వాతనే బయటికి పంపేలా చూడాలి. ఫారానికీ ఫారానికీ, ఫారానికీ పక్షుల చెరువుకూ మధ్య దూరం పాటించని కొత్త లైసెన్సులు ఇవ్వరాదు.

7. బర్డ్ ఫ్లూకు చంపడమొక్కటే మార్గమా అనేది బహిరంగంగా చర్చించాలి. చైనా ఏనాటి నుంచో టీకా వేస్తున్నది. ఫ్రాన్స్ 2023 అక్టోబరు నుంచి బాతులకు వేస్తున్నది. టీకా వేసిన మందలో రోగం బయటికి కనిపించకుండా తిరిగే ప్రమాదం ఉన్నది, గట్టి నిఘా కావాలి. ఆ మాట నిజమే. కాని ఎగుమతి వ్యాపారుల బేరం ఒక్కటే చూసి నిర్ణయం చేయకూడదు.

ఇవి ప్రభుత్వాన్ని అడగవలసినవి. మనవైపు నుంచి చేయవలసిందీ ఉన్నది. కోళ్లు ఒక్కసారిగా చస్తుంటే అమ్మవద్దు, దాచవద్దు, కాలవలో పారేయవద్దు. ఒక్క రైతు పోయి చెబితే భయం. ఊరంతా, సంఘమంతా కలిసి పోయి చెబితే భయం అధికారులకు. కొత్త గొడ్డును సంత నుంచి తెస్తే రెండు మూడు వారాలు వేరే కట్టేయండి. చెరువు దగ్గర పక్షులు చచ్చిపడితే రాళ్లు రువ్వవద్దు, ముట్టుకోవద్దు. పశువుల డాక్టరుకు కబురు పెట్టండి. అది మనకు ముందుగా అందిన హెచ్చరిక.

చలి మొదలయ్యేసరికి కొల్లేటికి పక్షులు మళ్లీ వస్తాయి. అవి మనం పుట్టక ముందు నుంచీ వస్తున్నాయి. ఈసారైనా వాటి మీద నెపం పెట్టే ముందు లారీలు ఎవరు కడిగారో, టీకాలు ఎవరు వేశారో, పోయిన ఏడాది పరిహారం ఎవరి చేతికి అందిందో అడుగుదాం.